ఘటనాస్థలంలో క్షతగాత్రుల అంచనా, క్లినికల్ ట్రయల్స్‌లో నమోదు

తీవ్రంగా గాయపడిన మనిషిని ఆస్పత్రికి చేర్చకముందే అంబులెన్స్ లేదా హెలికాప్టర్ సిబ్బంది పరీక్షించి, అప్పుడు నడుస్తున్న క్లినికల్ ట్రయల్‌లో చేర్చుకోవచ్చో లేదో తేల్చే ప్రక్రియ ఇది. గాయాలతో చనిపోయేవారిలో చాలామంది రక్తస్రావంతో మొదటి కొన్ని గంటల్లోనే పోతారు. అందుకే ప్లాస్మా, రక్తం, లేదా రక్తస్రావాన్ని తగ్గించే మందు ట్రనెక్సామిక్ ఆమ్లం దారిలోనే ఇస్తే మేలా కాదా అన్నది తెలుసుకోవడానికి ఆస్పత్రి గుమ్మం దాకా ఆగడం కుదరదు. ఎంపిక బాధ్యత పారామెడిక్ మీద పడుతుంది.

గాయాల తీవ్రతకు వైద్యులు వాడే ప్రధాన కొలత 1974లో వచ్చిన గాయ తీవ్రత స్కోరు. దాని గరిష్ఠం 75. 15 దాటితే తీవ్ర గాయంగా లెక్క. అయితే స్కానింగులు, ఆపరేషన్లు అయ్యాక గానీ ఆ అంకె తేలదు. రోడ్డు పక్కన దొరికేవి బీపీ, నాడి, శ్వాస, స్పృహ, ఒంటి వేడి, కంటికి ఆనే గాయాలు. ట్రయల్స్ ఎక్కువగా నమ్ముకున్నది బీపీని; మోసం చేసేదీ అదే. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఒంట్లో దాదాపు 30 శాతం రక్తం పోయేదాకా బీపీ పైఅంకె నిలబడే ఉండవచ్చు. బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునే వృద్ధుడికి రక్తం పోతున్నా నాడి వేగం అంతగా పెరగదు. నాడిని బీపీ పైఅంకెతో భాగిస్తే వచ్చే షాక్ సూచిక ఈ లోటును కొంత తీరుస్తుంది. మామూలుగా 0.5, 0.7 మధ్య ఉండే ఆ సూచిక 1కి చేరిందంటే ప్రమాదమే.

అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగి 1994లో వెలువడిన అధ్యయనం చాలా సాదా ప్రమాణంతో నడిచింది. మొండెంలో కత్తిపోటో తూటా గాయమో ఉండాలి, బీపీ పైఅంకె 90కి మించకూడదు. అలాంటి 598 మందిలో రోజు మార్చి రోజు కొందరికి దారిలోనే సెలైన్ ఎక్కించారు, మిగతావారికి ఆపరేషన్ గది దాకా ఆపారు. ముందే ఎక్కించినవారిలో 62 శాతం, ఆపినవారిలో 70 శాతం బతికారు. అప్పటి అలవాటుకు అది పెద్ద దెబ్బ. కానీ వాహనాలు ఢీకొని లోపల నలిగిన గాయాలవారు ఆ లెక్కలో లేరు కాబట్టి, వారికీ అదే వర్తిస్తుందని ఆ అధ్యయనం చూపి వాదించడం కుదరదు.

ఎంపిక ప్రమాణం ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదని 2018లో తేలింది. అమెరికాలోనే జరిగిన పాంపర్, కాంబాట్ ట్రయల్స్ రెండూ ఆస్పత్రికి ముందే ప్లాస్మా ఇచ్చి చూశాయి. ప్రవేశానికి షరతులు దాదాపు ఒకటే: బీపీ పైఅంకె 70 స్థాయికి పడిపోవాలి, లేదా 90 దిగువన ఉంటూ నాడి 108 దాటాలి. హెలికాప్టర్లలో 501 మందిని చేర్చుకున్న పాంపర్‌లో 30 రోజుల్లో మరణాలు ప్లాస్మా అందినవారిలో 23.2 శాతం, మామూలు చికిత్స అందినవారిలో 33 శాతం. డెన్వర్ నగర వీధుల్లో అంబులెన్సులతో నడిచిన కాంబాట్‌లో, విశ్లేషించిన 125 మందిలో ఏ మేలూ కనిపించలేదు. రెండింటి సమాచారాన్నీ కలిపి 2020లో విశ్లేషిస్తే తేడా ఎక్కడుందో అర్థమైంది: ప్రయాణం 20 నిమిషాలు దాటినవారికే ప్లాస్మా ఉపయోగపడింది. అంటే ఒకే కొలతలున్న ఇద్దరు రోగులు ట్రయల్ దృష్టిలో ఒకరే అయినా, ఆస్పత్రికి ఎంత దూరంలో పడిపోయారన్నదాన్ని బట్టి వేర్వేరు రోగులు.

ఎవరికి ఏ చికిత్స అన్నది చీటీ తీసినట్టు యాదృచ్ఛికంగా తేలుస్తారు; ఆ చీటీ ఎప్పుడు తెరుస్తారన్నదీ ముఖ్యమే. పాంపర్‌లో ఒక్కో హెలికాప్టర్ స్థావరానికి ఒక్కో నెల చొప్పున చికిత్సను కేటాయించారు. ఇది పనికి సులువు. కాకపోతే ఈ నెల తమ దగ్గర ప్లాస్మా ఉందో లేదో సిబ్బందికి ముందే తెలుస్తుంది, సరిహద్దులో ఉన్న రోగి విషయంలో ఆ తెలివిడి చేతిని అటో ఇటో లాగవచ్చు. కాంబాట్‌లో సీలు వేసిన పెట్టెల్లో ప్లాస్మా గానీ గడ్డకట్టిన నీరు గానీ ఉండేది. పద్ధతి దృష్ట్యా ఇదే గట్టిది.

ట్రనెక్సామిక్ ఆమ్లం కథ వేరు. భారతదేశం సహా 40 దేశాల్లో 20,211 మందితో ఆస్పత్రుల్లో జరిగిన క్రాష్-2 (2010) అంకెలకు తోడు డాక్టరు సందేహాన్నీ ప్రమాణంగా తీసుకుంది. మందు కచ్చితంగా కావాలనో వద్దనో డాక్టరుకు అనిపిస్తే ఆ రోగిని చేర్చలేదు. ఎటూ తేల్చుకోలేకపోతేనే చేర్చారు. గాయమైన 3 గంటలు దాటాక ఇస్తే రక్తస్రావ మరణాలు పెరుగుతాయని దాని సమాచారమే చెప్పడంతో, మందును రోడ్డు మీదికి తేవాలన్న ఆలోచన బలపడింది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జర్మనీల్లో జరిగిన పాచ్-ట్రామా (2023) రోగుల ఎంపికకు మెల్‌బోర్న్‌లో తయారైన కోస్ట్ స్కోరును వాడింది. వాహనంలో ఇరుక్కుపోతే 1. బీపీ పైఅంకె 100 దిగితే 1, 90 దిగితే 2. ఒంటి వేడి 35 డిగ్రీలు దిగితే 1, 32 దిగితే 2. ఛాతీలో చేరిన గాలిని బయటకు పంపాల్సివస్తే 1. పొట్టకో కటి ఎముకలకో దెబ్బ ఉందనిపిస్తే 1. మొత్తం 3కు చేరితే అర్హత. గోరువెచ్చగా ఉండాల్సిన ఒళ్ళు చల్లబడటం, ఇరుక్కుపోవడం వంటివి లెక్కలోకి రావడం దీని బలం. 1,310 మందిని తీసుకున్న ఆ ట్రయల్‌లో 28 రోజుల మరణాలు మందు అందినవారిలో 17.3 శాతం, అందనివారిలో 21.8 శాతం. ఆరు నెలలకు మాత్రం తమ పనులు తాము చక్కగా చేసుకోగలిగినవారు రెండు వైపులా సమానమే, 53 శాతం పైచిలుకు. ప్రధానంగా కొలవాలనుకున్నది అదే.

ఎవరిని తీసుకోకూడదన్నది కూడా అంబులెన్సులోనే తేలాలి: గర్భిణులు, ఖైదీలు, పిల్లలు, ఉరి లేదా నీటమునక కేసులు, పెద్ద కాలిన గాయాలు, గుండె ఆగి చాలాసేపైనవారు. గర్భం కంటికి కనిపించనప్పుడు, జేబులో ఏ కార్డూ లేని యువకుడి వయసు 17 లేక 18 అన్నప్పుడు సిబ్బంది ఊహ మీదే ఆధారపడాలి.

స్పృహలో లేని మనిషిని సమ్మతి అడగలేం. అలాంటివారిని సమ్మతి లేకుండానే చేర్చుకునేందుకు అమెరికా 1996లో ప్రత్యేక నిబంధన తెచ్చింది. ముందుగా ఆ ప్రాంత ప్రజలతో సంప్రదించాలి, ట్రయల్ గురించి బహిరంగంగా ప్రకటించాలి. వద్దనుకున్నవారు గుర్తుగా చేతికి కడియం వేసుకోవచ్చు. అప్పుడు గాయపడిన చోట సిబ్బంది ముందు చూడాల్సింది మణికట్టునే. 2000 దశకం మధ్యలో జరిగిన పాలీహీమ్ కృత్రిమ రక్త ట్రయల్ మీద పెద్ద వివాదం రేగింది ఈ నిబంధన నీడలోనే: ఆస్పత్రికి చేరాక అసలు రక్తం అందుబాటులో ఉన్నా, సమ్మతి ఇవ్వలేని రోగులకు 12 గంటల దాకా ప్రయోగ ద్రవాన్నే కొనసాగించారు.