బాలుర పుస్తకము రంగమెక్కిన నాడు

పిల్లలకు కథలు చెప్పుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. పిల్లలనే ముఖ్య ప్రేక్షకులుగా నెంచి, వారి యభిరుచికే ప్రాధాన్యమిచ్చి నాటకములాడుట మాత్రము ఇటీవలి విషయము. ఇంగ్లండులో ఈ మార్పునకు దోహదము చేసిన ప్రదర్శనములలో ముఖ్యమైనది ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ అను సంగీత నాటకము. ఇది 1886వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన లండను నగరములోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ నాటకశాలలో ప్రారంభమయ్యెను. ఇరువదియొక్క సంవత్సరములుగా ఆంగ్ల బాలబాలికలు చదువుకొనుచున్న పుస్తకము ఆనాడు పాటలతో, నృత్యములతో, వింత వేషములతో వారి కన్నుల యెదుట నిలిచెను.

ఆ పుస్తకమును వ్రాసినవాడు ఆక్స్‌ఫర్డులోని క్రైస్ట్ చర్చి కళాశాలలో గణితోపన్యాసకుడైన చార్లెస్ లట్విడ్జ్ డాడ్జ్‌సన్. 1862వ సంవత్సరము జూలై 4వ తేదీన ఆయన తన మిత్రుడు డక్‌వర్తుతో కలిసి, కళాశాలాధిపతి లిడెల్ గారి ముగ్గురు కుమార్తెలను పడవపై థేమ్సు నదిలో గాడ్‌స్టో వఱకు విహారమునకు గొనిపోయెను. దారిలో కథ చెప్పుమని పిల్లలు పట్టుబట్టగా, కుందేటి బొరియలో పడిపోయిన యొక బాలిక కథను ఆయన అప్పటికప్పుడు కల్పించి చెప్పెను. ఆ ముగ్గురిలో నడిమిదైన ఆలిస్ దానిని వ్రాసి యిమ్మని కోరెను. 1864 నవంబరులో ఆయన స్వహస్తముతో వ్రాసి, బొమ్మలు కూడ తానే వేసి, ఆ ప్రతిని ఆమెకు బహూకరించెను. మఱుసటి యేడు ఆ కథ పెంపుచేయబడి, లూయిస్ కారల్ అను కలముపేరుతో, జాన్ టెనియల్ చిత్రించిన 42 బొమ్మలతో మాక్మిలన్ సంస్థచే ప్రచురింపబడెను. 1871 చివర దాని రెండవ కథయగు ‘త్రూ ది లుకింగ్ గ్లాస్’ వెలువడెను. మొదటి దానిలో పేకముక్కలును, రెండవ దానిలో చదరంగపు పావులును పాత్రలై సంచరించును.

కారల్ మతాచార్య దీక్షలో తొలి మెట్టు నెక్కినవాడు. ఆ కాలమున అట్టివారిలో అనేకులు నాటకశాలను అపవిత్ర స్థలముగా చూచుచుండిరి. ఆయన కట్లు గాక నాటకమనిన చెవి కోసికొనువాడు. 1856లో ప్రిన్సెస్ నాటకశాలలో షేక్స్‌పియరు నాటకమును చూచి, అందలి రాజకుమారుని వేషము ధరించిన చిన్న బాలికను ఆయన మెచ్చుకొనెను. ఆ బాలికయే తరువాత ఆంగ్ల రంగస్థల మహానటిగా ప్రఖ్యాతి గాంచిన ఎలెన్ టెర్రీ. తన కథ రంగమెక్కవలెనను కోరిక కారల్‌కు చాలకాలము నుండి కలదు. పాటలకు స్వరములు కూర్చవలసినదిగా 1877లో ఆర్థర్ సలివన్ అను సుప్రసిద్ధ సంగీతకర్తతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను గాని, ఆ ప్రయత్నము ఫలింపలేదు.

1886 ఆగస్టులో హెన్రీ సావిల్ క్లార్క్ అను నాటకకర్త అనుమతి కోరుచు ఆయనకు లేఖ వ్రాసెను. కారల్ అంగీకరించుచు ఒక నియమము విధించెను. నాటకములోని మాటలలో గాని, నటుల చేష్టలలో గాని మోటుతనము లేశమైనను ఉండరాదు. దాని సూచన కూడ కనబడరాదు. అందుకు వ్రాతపూర్వకమైన హామీ కావలెనని ఆయన పట్టుబట్టెను.

ఈ నియమము యొక్క విలువ నాటి పరిస్థితుల నెఱిగినగాని బోధపడదు. క్రిస్మసు దినములలో లండను నాటకశాలలన్నియు ‘పాంటోమైము’ అను వినోద ప్రదర్శనములతో నిండియుండెడివి. వాని కథలు సిండరెల్లా వంటి పిల్లల కథలే. చూడవచ్చువారిలో పిల్లలు వేలకొలది. కాని ఆ కథలు పేరునకు మాత్రమే మిగిలి, మ్యూజిక్ హాలు హాస్యగాండ్ర పాటలును, ద్వంద్వార్థములును, పెద్దలకు మాత్రమే తెలియు ఛలోక్తులును రంగము నాక్రమించుకొనుచుండెను. పెద్దలు నవ్వుచుండగా పిల్లలు వారి ముఖములు చూచి తామును నవ్వవలసివచ్చెడిది. కారల్ కోరినది ఇందుకు సరిగా విరుద్ధమైనది. పిల్లవాడు తనకు తానై నవ్వవలెను. ఆ నవ్వులో తల్లిదండ్రులు పాలుగొనవలెను.

పిల్లలకు పరిచితమైన పుస్తకమును అపరిచితమైన రంగస్థలమునకు తెచ్చుట సులభము కాదు. చదువునప్పుడు ప్రతి బాలుడును తన మనస్సులో ఒక రూపము కల్పించుకొనును. రంగముపై వేఱొక రూపము కనబడిన ఆశాభంగము తప్పదు. అందుచే వేషములను టెనియల్ బొమ్మల ననుసరించియే తీర్చిరి. ఆఠీను రాణి, టోపీలవాడు, తెల్ల కుందేలు ఇంటిలోని పుస్తకములో నెట్లుండిరో రంగముపైనను అట్లే నడచివచ్చిరి. సంగీతమును వాల్టర్ స్లాటర్ సమకూర్చెను. కథలోని గేయములు కొన్ని పాత శిశుగేయములకు అనుకరణములు. అట్టివానికి ఆ పాత వరుసలనే వాడుట మేలని కారల్ సూచించెను. చెవికి తెలిసిన వరుస, కంటికి తెలిసిన రూపము చేయిపట్టి నడిపించినచో పిల్లవాడు క్రొత్తచోట బెదరడని ఆయన యెఱుగును. ప్రదర్శనము మధ్యాహ్న వేళ జరుగుట కూడ పసివారికి అనుకూలించెను.

అయినను ఆయన మాట యంతయు చెల్లలేదు. రెండు పుస్తకములను ఒకే నాటకముగా కలుపుట ఆయనకు రుచింపలేదు. క్లార్క్ మాత్రము మొదటి కథను ప్రథమాంకముగను, రెండవదానిని ద్వితీయాంకముగను కూర్చెను. డిసెంబరు 30వ తేదీన కారల్ స్వయముగా వెళ్ళి చూచెను. మొదటి యంకము, అందును పిచ్చివారి తేనీటి విందు, ఆయనకు మిక్కిలి నచ్చెను. రెండవది చప్పగా తోచెను. వాల్రస్ అను కడలిజంతువు, ఒక వడ్రంగి కలిసి ఆల్చిప్పలను మోసగించి భక్షించు ఘట్టమునకు ఆయన క్రొత్త పంక్తులు వ్రాసి యిచ్చెను. అందు చనిపోయిన ఆల్చిప్పల దయ్యములు వచ్చి, నిదురించుచున్న ఆ వంచకులను శిక్షించును. పుస్తకములో లేని ఈ న్యాయము రంగస్థలముపై అవసరమైనది.

ఆలిస్ వేషము ధరించిన ఫీబీ కార్లో అను బాలికను ఎన్నుకొనుటలో కారల్ సూచన కలదు. 1887 ఏప్రిలులో ‘ది థియేటర్’ పత్రికకు వ్రాసిన వ్యాసములో ఆయన ఆమెను ప్రశంసించుచు, ఆ బాలిక 215 సంభాషణలను కంఠస్థము చేయవలసివచ్చెనని లెక్క చెప్పెను. విందులో నిద్రమోతు చిట్టెలుకగా నటించిన డొరతి డాల్కోర్ట్ వయస్సు ఆరున్నర యేండ్లని తన దినచర్యలో వ్రాసికొనెను.

ఈ అంకెలే వేఱొక ప్రశ్నకు దారితీయును. ప్రేక్షకులైన పిల్లల మనస్సునకు ఇంత రక్షణ కల్పించిన నాటకములో, నటులైన పిల్లల సంగతి యేమి? లోహితాస్య, ప్రహ్లాద పాత్రలలో పసివారిని చూచి కన్నీరు విడిచిన తెలుగువారికి ఈ ప్రశ్న సులభముగానే అర్థమగును. పదియేండ్లలోపు పిల్లలను కర్మాగారములలో పనిలో పెట్టరాదని ఇంగ్లండులో 1878 నాటికే శాసనము కలదు. నాటకశాలలకు అది వర్తింపలేదు. రాత్రి ప్రొద్దుపోవువఱకు ఆడి, ఉదయమున బడికి పోవలసిన పిల్లల స్థితిని 1884లో ఎలెన్ బార్లీ తన పుస్తకమున వివరించెను. పదియేండ్లలోపువారిని రంగమెక్కింపరాదని మిల్లిసెంట్ గారెట్ ఫాసెట్ వాదించెను. ఆ పిల్లల సంపాదన పేద కుటుంబములకు ఆధారమనియు, రంగస్థలము వారికి ఆనందమును, క్రమశిక్షణను ఇచ్చుననియు ప్రతిపక్షులు పలికిరి. కారల్ 1887లోను, 1889లోను పత్రికలకు లేఖలు వ్రాసి ఈ రెండవ పక్షమును సమర్థించెను. 1889 నాటి బాలరక్షణ శాసనము మధ్యేమార్గము నవలంబించెను. దాని ప్రకారము ఏడేండ్లలోపువారు నటింపరాదు. ఏడు మొదలు పది వఱకు వయస్సు గలవారికి అనుమతిపత్రము కావలెను.

ఇంతలో నాటకము 1888 డిసెంబరులో గ్లోబు నాటకశాలలో పునఃప్రదర్శింపబడెను. మొదటిసారి చిన్న వేషమున కనబడిన ఐసా బౌమన్ ఈసారి ఆలిస్ అయ్యెను. కారల్ 1898 జనవరిలో మరణించెను. ఆ సంవత్సరాంతముననే నాటకము మఱల ప్రదర్శింపబడెను. అటుపిమ్మటను క్రిస్మసు దినములలో పలుమారులు లండను పిల్లల నలరించెను.

ఈ చరిత్రలో కారల్ ఒప్పును గలదు, పొరపాటును గలదు. ఫీబీ 215 సంభాషణలను ఆయన ప్రతిభగా లెక్కించెను. దానిని పనిగా లెక్కించినవారు శాసనమును సాధించిరి. డొరతి వంటి ఆరున్నరేండ్ల చిట్టెలుక 1889 తరువాత ఆ బల్లముందు కూర్చుండుటకు వీలులేకపోయెను. దానివలన నాటకమునకు కలిగిన లోటు స్వల్పము. అట్టి పసివారికి దక్కిన నిద్ర మిన్న. పిల్లలకు నాటకమును పరిచయము చేయు పెద్దలు ముందుగా పుస్తకమును వారి చేతికిచ్చి, బొమ్మలను చూపి, పాటలను నేర్పి, ఆపై నాటకశాలకు తీసికొనిపోవుట కారల్ చూపిన మంచి త్రోవ. తెర పడిన పిమ్మట తమ బిడ్డను నిద్రబుచ్చునప్పుడు, రంగముపై ఆడిన బిడ్డయు వేళకు నిద్రించునా యని తలంచుట ఆయన నేర్పని పాఠము. ఈ రెండును కలిసినప్పుడే అది బాలల నాటకమని చెప్పదగును.