మహర్షికిని ముత్తాతకును నడుమ



గోత్రమేమని యడిగిన తడబడువాడు మనలో అరుదు. నూటయొక్క గోత్రములలో తనదేదియో పెండ్లిపీటలమీదనో, దేవళమున అర్చన చేయించునపుడో ప్రతివాడును చెప్పుకొనుచునే యున్నాడు. కాని ముత్తాత పేరేమి, ఆయన మగ్గము ఏ యూర నుండెను, ముత్తవ్వ పుట్టినిల్లు ఏది యని యడిగినచో పెక్కురు మౌనము వహింతురు. మన కులపురాణము మార్కండేయ మహర్షితోను భావనాఋషితోను మొదలగును. మన జ్ఞాపకము తాతతో మొదలగును. మన పూర్వులు నూలు వడికి, పడుగు తీర్చి, పన్నులు కట్టి, బిడ్డలను పెంచి బ్రదికినదంతయు ఈ రెంటి నడిమికాలమున. దానిని గూర్చి మనవద్ద ఒక్క కాగితమైన లేదు.

ఇట్టి కొఱతను తీర్చుకొన్నవారు లోకమున నున్నారు. ఐరోపాఖండమునకు ఉత్తరపుకొసనున్న నార్వే దేశీయుల నొక దృష్టాంతముగ గైకొందము. 1825వ సంవత్సరమున స్టవాంగరు రేవునుండి ‘రెస్టోరేషన్’ అను చిన్న యోడలో ఏబదిమందికి పైగా బయలుదేఱి న్యూయార్కు చేరిరి. అది మొదలు నూఱేండ్లలో సుమారు ఎనిమిది లక్షలమంది ఆ దేశము విడిచి అమెరికాకు పోయిరి. వారి మనుమలు ఇంగ్లీషు మాటలాడువారైరి; తాతల యూరిపేరు మాత్రము నోట మిగిలినది. అప్పుడు వారు చేసిన పని గమనింపదగినది. ఒక్కొక్క సీమవారు ఒక్కొక్క సంఘముగ నేర్పడిరి. వాల్‌డ్రెస్ సీమనుండి వచ్చినవారు 1899లో మినియాపొలిస్ నగరమున కూడిరి. వారిని జూచి తక్కిన సీమలవారును కూడిరి. ఏటేట సమావేశమై, విందు గుడిచి, పాటలు పాడి, ‘మీ తాత ఏ క్షేత్రమువాడు’ అని యొకరినొకరు అడిగి వ్రాసికొనిరి. సమ్మేళనమన్నచో తీర్మానములును పుష్పమాలలును మాత్రమే యని తలంచు మనవారికి ఇది వినదగిన మాట. 1925లో వారు అమెరికాలోని నార్వేజీయుల చరిత్రకై యొక పరిషత్తును నెలకొల్పిరి. మఱుసటి యేట నార్వేలోనే వంశచరిత్ర సంఘము పుట్టెను. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రమున మాడిసన్ నగరమందు వంశపరిశోధనకే ప్రత్యేకముగ నొక గ్రంథాలయ మేర్పడెను. నేడు నార్వే ప్రభుత్వపు దస్తావేజుల భాండాగారమువారు పాత చర్చి పుస్తకములను, 1801, 1865, 1900, 1910 సంవత్సరముల జనాభా లెక్కలను పేరుపేరున ఎల్లరకు ఉచితముగ చూపుచున్నారు.

మనకు ఆ సౌకర్యము లేదు. మన జనాభా లెక్కలలో వ్యక్తుల పేరులు వ్రాసిన పత్రములు పరిశోధకుల చేతికి రావు. బారసాలను, పెండ్లిని, చావును వ్రాసియుంచు దేవాలయపు పుస్తకము మన గ్రామములలో నెన్నడును లేదు. అందుచేత మనకు చరిత్రములేదని కొందఱు తొందరపడి పలుకుదురు. లేనిది ఆ రకపు పుస్తకము, చరిత్రము కాదు.

ముందుగ మన యింటిపేరు నడిగి చూడుడు. నార్వే పల్లెలలో మనిషికి తన పేరు, తండ్రి పేరు, కాపురమున్న క్షేత్రము పేరు ఉండెడివి. అతడు మామగారి క్షేత్రమునకు పోయినచో ఆ క్షేత్రము పేరే అతనికి వచ్చెడిది. అనగా ఆ పేరు చిరునామావంటిది. 1923లో చట్టము వచ్చిన తరువాతనే ప్రతి కుటుంబమునకును స్థిరమైన పేరు విధిగా నేర్పడినది. మనది దీనికి విపరీతము. చాగలమఱ్ఱిలో కాపురమున్న వానిని ఆ యూరివారెవ్వరును ‘చాగలమఱ్ఱివాడు’ అని పిలువరు; అందఱును చాగలమఱ్ఱివారే గదా! అతడు ప్రొద్దుటూరికో, ఇంకను దూరమునకో తరలిపోయిన పిమ్మటనే అచ్చటివారు అతని నా పేర పిలుతురు. కావున ఊరిపేరుతోనున్న యింటిపేరు నివాసమునకు గుఱుతు గాదు, ప్రయాణమునకు గుఱుతు. మీ యింటిపేరు ఏ యూరిదో, ఆ యూరినుండి మీ పూర్వుడెవడో మూటకట్టుకొని బయలుదేఱినాడన్నమాట. అతడు ఏ కఱవున కదలెనో, ఏ సంతను వెదకుచు పోయెనో కనుగొనుట మన పని. అయితే ఒక హెచ్చరిక. ఒకే యూరినుండి పలుకులములవారు వలసపోయిరి గనుక ఒకే యింటిపేరు పలుకులములలో కానవచ్చును. ఇంటిపేరు కలిసినంతనే బంధుత్వము కలిసెనని చంకలు గొట్టుకొనరాదు.

ఈ సీమలో కదలికకు కారణములు వెదకనక్కఱలేదు. 1876 మొదలు 1878 వఱకు వచ్చిన మహాక్షామమున కందనవోలు జిల్లా మిక్కిలి చెడినది. 1871 నాటి లెక్కకును 1881 నాటి లెక్కకును నడుమ జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవవంతు తగ్గినది. చీర కొనువాడు లేనిదే నేయువాడు బ్రదుకుటెట్లు? మగ్గము గుంటలోనే విడిచి, అచ్చును ఆసుపోతను చంకబెట్టుకొని పోయినవారి పేరులు ఏ లెక్కలోను లేవు.

వ్రాతకు బదులు మనదేశమున వాక్కు పనిచేసినది. రెడ్లకు వంశావళి చెప్పుటకు పిచ్చకుంట్లవారుండిరి. వారినే నేడు వంశరాజులని గౌరవముతో పిలుచుచున్నారు. గొల్లలకు మందహెచ్చులవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు ఉండిరి. మనకు తెలంగాణమున కూనపులివారును సాధనాశూరులును ఆశ్రితులు. కూనపులివారు గజములకొలది పొడవైన పటమును విప్పి, బొమ్మ వెంట బొమ్మగ భావనాఋషి కథను రాత్రులు రాత్రులు గానము చేయుదురు. ఆ పటములను వ్రాయువారు చేర్యాల నకాశీలు. పటపు బొమ్మలను దొరలును దొరసానులును గోడలకు తగిలించుకొనుటకు కొనుచున్నారు. పటము ముందు నిలిచి కథ చెప్పువానికి మాత్రము మన వీధులలో సంభావన దొఱకుట లేదు. ఆశ్రితుని గొంతు ఆగినచో అతనితోడనే ఏ యూర ఏ గోత్రమువా రుండిరను జ్ఞానమును ఆగిపోవును. కులపురాణమును నిజచరిత్రగ నమ్మవలెనని నేననుట లేదు. ప్రతి వంశమును ఋషి యాశ్రమముననో చక్రవర్తి కొలువుననో మొదలుపెట్టుట ఆ ప్రక్రియకు సహజము. కథ పురాణమైనను, దాని చివర అతడు చదువు ఊళ్ల పట్టిక పురాణము గాదు. అది అతని జీవనాధారము గనుక తప్పు వ్రాసికొని యుండడు.

ఇక వ్రాతసాధనములు. స్థిరాస్తి దస్తావేజులలో తండ్రి పేరు, వృత్తి, కాపురస్థలము కలవు. పాతవానిలో కులమును వ్రాసిరి. పాఠశాలల ప్రవేశపు పుస్తకములు కలవు. సర్కారు కాగితములు వెదకువారు పాలనలోని మార్పులను మఱువరాదు. ఈ ప్రాంతమున కొన్ని గ్రామములు 1800లో దత్తమండలములతోబాటు కుంపిణీకి వచ్చినవి. నవాబు ఏలుబడిలోనివి 1839లో వచ్చినవి. 1858లో కోయిలకుంట్ల, కంభము తాలూకాలు కడపనుండి కందనవోలు జిల్లాకు మాఱినవి. 2022లో చాగలమఱ్ఱి, ఆళ్లగడ్డలు నూతనమైన నంద్యాల జిల్లాలో చేరినవి. ఊరు కదలకున్నను దాని కాగితములు కదలినవి.

అన్నిటికంటె విలువగలదని నాకు తోచునది మన యిండ్లలోనే యున్నది: పెండ్లినాటి చదివింపుల పుస్తకము. ఎవరు వచ్చిరి, ఏ యూరినుండి వచ్చిరి, ఎంత చదివించిరి యని పేరుపేరున వ్రాసిన ఆ చిన్న పుస్తకము ఒక తరపు బంధువర్గమంతటికిని పట్టిక. రూపాయలు చెల్లుబాటయిన పిదప దానిని పాఱవేయుదుము!

ఈ పట్టికల కొఱకు కనిపెట్టుకొనియున్నవారు సముద్రములకావల నున్నారు. 1860 మొదలు 1911 వఱకు నెటాలునకు ఒప్పందపు కూలీలుగ 1,52,184 మంది పోయిరి. వారిలో అధికసంఖ్యాకులు చెన్నపట్టణపు రేవున ఓడ నెక్కినవారు. ఓడ పట్టికలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాయబడినవి. అవి నేటికిని నిలిచియున్నవి. ఫిజీ దీవులకు 1879 నుండి 1916 వఱకు కూలీలు పోయిరి. 1903 మొదలు చెన్నపట్టణమునుండియు ఓడలు నడచినవి. దక్షిణాఫ్రికాలోని తెలుగువారు 1931లో ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాష నిలుపుకొనుటకు పాటుపడినారు. వారి మునిమనుమలు పట్టికలో తమ గ్రామము పేరు కనుగొని, ఇంగ్లీషు గుమాస్తా చెవికి వినబడినట్లు వ్రాసిన ఆ పేరును ఒత్తి చదువుకొని ఇచ్చటికి వచ్చుచున్నారు. అక్కడ జాబితా యున్నది. దానికి బదులు పలుకవలసిన ఊరిలో పుస్తకము లేదు. షోలాపురము, భీవండి, సూరతులకు పోయిన మన నేతగాండ్ర బిడ్డలకును రేపు ఇదే గతి పట్టవచ్చును. తెలుగు మఱచుటకు సముద్రము దాటనక్కఱలేదు.

వంశావళి వ్రాయునపుడు ఏమి వ్రాయవలెనను విషయమున నాకొక నిశ్చితాభిప్రాయము గలదు, పెద్దలకు రుచింపకపోవచ్చును. మన పట్టికలలో తండ్రి, కొడుకు, మనుమడు మాత్రమే కానవత్తురు. తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము. నార్వేవారికిని అదే యాచారము. అందుచేత రెండు పేరులే తరతరముల దొంతరలో మాఱిమాఱి వచ్చి, ఎవరెవరో తెలియకుండ పోవుదురు. జేజి పేరు, ఆమె పుట్టినింటివారి పేరు పక్కన వ్రాసిననే ఆ చిక్కు విడును. పడుగు ఒక్కటే యుండిన గుడ్డ కాదని మనకంటె తెలిసినవారెవరు? దత్తుని దత్తుడని, ఇల్లరికపుటల్లుని ఇల్లరికమని వ్రాయవలెను. కులము వెలుపల పెండ్లాడిన కూతురిని, ఒకప్పుడు వెలివేయబడిన అన్నను వదలక వ్రాయవలెను. నార్వే చర్చి పుస్తకములలో వివాహము లేక పుట్టిన బిడ్డకును ఒక పంక్తి గలదు. ఆ పంక్తి పట్టుకొనియే నేడు ఎందఱో తమ వారిని కనుగొనుచున్నారు. వంశగౌరవమునకై కొట్టివేసిన పేరు మరల దొఱకదు.

చాగలమఱ్ఱికి వచ్చు బంధువులకు నా మనవి యొక్కటి. అటకమీది పెట్టెలో చదివింపుల పుస్తకముగాని, పాత దస్తావేజుగాని, శుభలేఖగాని యున్నచో వెంట తెండు. చెదలు తిన్నదైనను సరే. మన యువకులు సెల్‌ఫోనుతో ఛాయాచిత్రము తీసికొని, ఇంటిపేరు, గోత్రము, ఊరు పైన వ్రాసి, ఆ సాయంకాలమునకే మీది మీకు ఒప్పగింతురు. కాగితమేమియు లేనివారు ఇంటిలో అందఱికంటె పెద్దదైన అవ్వను తోడ్కొని రండు.