కల్లుకుండ, షెర్రీ పీపా: నిలవ ఉండే గుణం నడిపిన చరిత్ర



రాయ్‌పూర్ నుంచి దక్షిణంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్‌తరి, కాంకేర్, కొండగావ్, జగదల్‌పూర్, సుక్మా మీదుగా కొంటా చేరుతుంది. కొంటా దాటితే తెలుగు నేల మొదలవుతుంది. ఈ దారి పొడవునా బస్తర్ వారపు సంతల్లో తెల్లని పానీయం ఒకటి అమ్ముతారు. దాని పేరు సల్ఫీ. రంపచోడవరం కొండల్లో దానినే జీలుగు కల్లు అంటారు. పేర్లు వేరైనా చెట్టు ఒక్కటే. వృక్షశాస్త్రంలో దాని పేరు కార్యోటా యూరెన్స్.

ఇక్కడికి ఎంతో దూరంలో, స్పెయిన్ దేశపు దక్షిణ కొనలో హెరెస్ అనే పట్టణం ఉంది. అక్కడ తెల్ల ద్రాక్షతో తయారయ్యే వైన్ పేరు షెర్రీ. సల్ఫీలోనూ షెర్రీలోనూ చక్కెరను ఆల్కహాలుగా మార్చడంలో ముఖ్యపాత్ర ఈస్ట్ అనే సూక్ష్మజీవిదే. అయితే సల్ఫీ ఆయుష్షు ఒకటి రెండు రోజులు. షెర్రీ దశాబ్దాల పాటు నిలుస్తుంది. ఈ ఒక్క తేడా రెండు ప్రాంతాల చరిత్రను వేరు వేరు దారుల్లో ఎలా నడిపించిందో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇది మద్యం తాగమని చెప్పే పాఠం కాదు. మద్యపానం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. రుచి వెనుక ఉన్న రసాయనాన్ని, ఆ రసాయనం వెనుక ఉన్న చరిత్రను అర్థం చేసుకోవడమే మన పని.

రుచిని పోల్చడం ఎలా?

వైన్ నాణ్యతను పరీక్షించేవారు వైన్‌ను తాగరు. రంగు చూసి, వాసన పీల్చి, చిన్న గుక్క నోట్లో తిప్పి ఉమ్మేస్తారు. అందరి పరీక్షా ఒకే తీరుగా ఉండాలని గాజు పాత్ర ఆకారానికి కూడా 1977లో అంతర్జాతీయ ప్రమాణం ఏర్పడింది. సీసా పేరు కనబడకుండా కప్పి పరీక్షిస్తే పేరును బట్టి కలిగే అభిప్రాయం అడ్డురాదు. తేలికపాటి వాటి నుంచి ఘాటైన వాటికి వరుసగా వెళతారు. మన ప్రయోగశాలలో పాటించే నియమాలే ఇవి.

ఈ పద్ధతిలో స్పెయిన్ తెల్ల వైన్లను పోల్చి చూస్తే ఏం తెలుస్తుంది? వాయవ్య మూలన, అట్లాంటిక్ వానలు కురిసే గలీసియాలో అల్బరీనో అనే ద్రాక్ష పండుతుంది. దాని వైన్‌లో పులుపు, నిమ్మజాతి పండ్ల వాసన కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. లోపలి పీఠభూమిలోని రుయేదా ప్రాంతపు ద్రాక్ష వెర్దేహో. దాని వైన్‌లో పచ్చి ఆకు వాసన, చివర్లో చిరుచేదు ఉంటాయి. ఇక్కడ ద్రాక్ష వేరు, నేల వేరు, వాతావరణం వేరు. కాబట్టి రుచిలో తేడాకు కారణం ఫలానా అని ఒక్కదానినే చూపలేం.

షెర్రీల సంగతి అలా కాదు. ఫీనో, అమొంతియాదో, ఒలొరోసో అనే మూడు రకాలూ ఒకే పలోమినో ద్రాక్షతో, ఒకే తెల్ల సున్నపు నేల మీద తయారవుతాయి. అయినా ఫీనో లేత గడ్డి రంగులో, బాదం వాసనతో, ఏమాత్రం తీపి లేకుండా ఉంటుంది. ఒలొరోసో ముదురు గోధుమ రంగులో, అక్రోటుకాయ వాసనతో చిక్కగా ఉంటుంది. అమొంతియాదో ఈ రెంటికీ మధ్యన నిలుస్తుంది. ద్రాక్షా నేలా మారకపోయినా రుచి మారిందంటే, మారిన అంశం మరొకటి ఉండాలి. ఆ అంశం గాలి.

గాలి చేసే పని

పీపాలో పోసిన కొత్త వైన్‌కు ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి ఆల్కహాలును సుమారు 15 శాతానికి తెస్తే ఫీనోకు దారి ఏర్పడుతుంది. పీపాను నిండా నింపకుండా ఆరో వంతు ఖాళీ ఉంచుతారు. అప్పుడు వైన్ మీద మీగడలాంటి తెల్లని పొర కడుతుంది. స్పానిష్ భాషలో దానిని ఫ్లోర్, అంటే పువ్వు, అంటారు. అది బతికున్న ఈస్ట్ పొర. పైనుంచి వచ్చే ఆక్సిజన్‌ను తానే వాడుకుని, కింది వైన్ రంగు మారకుండా కాపాడుతుంది. కొంత ఆల్కహాలును ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఫీనో ప్రత్యేక వాసనకు ముఖ్య కారణం అదే. స్పిరిట్ మోతాదు 17 శాతం దాటితే ఆ ఈస్ట్ బతకలేదు. అప్పుడు గాలి నేరుగా వైన్‌ను తాకి ఒలొరోసోగా మారుస్తుంది. కొంతకాలం పొర కింద, ఆ తర్వాత గాలిలో ఉన్నది అమొంతియాదో.

ఇప్పుడు మన కుండ దగ్గరికి వద్దాం. చెట్టు నుంచి కారే రసంలో పదో వంతుకు పైగా చక్కెర ఉంటుంది. కుండలోనూ గాలిలోనూ ఉన్న సూక్ష్మజీవులు వెంటనే పని మొదలుపెడతాయి. ఈస్ట్‌తో పాటు లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఇందులో పాల్గొంటాయి. అందుకే తెల్లవారుజామున దింపిన రసం తియ్యగా, మధ్యాహ్నానికి నురుగుతో కాస్త పుల్లగా, సాయంత్రానికి ఘాటుగా ఉంటుంది. ఆల్కహాలు సుమారు 5 శాతానికి మించదు. ఆ మోతాదు ఎసిటిక్ ఆమ్ల బ్యాక్టీరియాను ఆపలేదు. గాలి సాయంతో అవి ఒకటి రెండు రోజుల్లో కల్లును వినిగర్‌గా మార్చేస్తాయి. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరా దక్కుతుంది.

గీత కార్మికులకు ఇదంతా అనుభవంతో తెలిసిన విద్య. పోతుతాటి కల్లుకూ పండుతాటి కల్లుకూ, తాటికల్లుకూ ఈతకల్లుకూ తేడాను వాసనతోనే చెప్పగలరు. వారి పరిశీలన హెరెస్ నిపుణుల పరిశీలనకు తీసిపోయేది కాదు. వారికి లేనిదల్లా కాలం. రేపటికి పాడయ్యేదానిని ఓడలో ఎక్కించలేరు, గోదాములో దాచలేరు. కల్లు పుట్టిన ఊళ్లోనే, పుట్టిన రోజే చెల్లిపోవాలి.

నిలవ ఉన్నది ఓడ ఎక్కింది

హెరెస్ ఓడరేవు పట్టణం కాదిజ్‌కు దగ్గర. అరబ్బుల పాలనలో ఈ ఊరి పేరు షెరీష్. 1264లో కాస్టీల్ రాజు పదో అల్ఫోన్సో దీనిని జయించాడు. షెర్రీ అనే ఇంగ్లీషు మాట ఈ ఊరి పేరు నుంచే పుట్టింది. 1587లో ఫ్రాన్సిస్ డ్రేక్ కాదిజ్ రేవుపై దాడి చేసి సుమారు 2,900 పీపాల వైన్ ఎత్తుకుపోయాడు. దానితో ఇంగ్లండులో ఈ పానీయానికి గిరాకీ మరింత పెరిగింది. ఓడ ప్రయాణంలో పాడవకుండా స్పిరిట్ కలపడం, పాత పీపాలోని వైన్ కొంత తీసి ఆ వెలితిని కొత్త వైన్‌తో పూడ్చే సొలేరా పద్ధతి క్రమంగా స్థిరపడ్డాయి. సొలేరా వల్ల ప్రతి ఏడూ ఒకే రుచి వస్తుంది. ఒకే రుచి ఉంటే పేరు నిలుస్తుంది. పేరుకు ధర వస్తుంది.

ఆ పేరును కాపాడేందుకు చట్టం కూడా వచ్చింది. స్పెయిన్ 1933లో హెరెస్ వైన్‌కు మూలస్థాన గుర్తింపు ఇచ్చి, పర్యవేక్షణకు ఒక మండలిని నియమించింది. 1996 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ ప్రాంతపు వైన్‌ను తప్ప మరి దేనినీ షెర్రీ అని అమ్మకూడదు. హెరెస్ రైతుకు చట్టం రక్షకుడిగా వచ్చింది.

రంప కొండలకు వచ్చిన చట్టం

రంప కొండల్లో కోయలు, కొండరెడ్లు జీలుగు కల్లును ఎండాకాలంలో ఆహారంతో సమానంగా చూసుకునేవారు. ధాన్యం నిండుకునే రోజుల్లో అదే వారికి ఆసరా. మన్సబుదారు దీని మీద 'చిగురుపన్ను' పేరుతో వసూళ్లు సాగించాడు. ఆ పైన మద్రాసు ప్రభుత్వపు కొత్త ఆబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి గీసుకునే కల్లునూ అడ్డుకున్నాయి. కల్లు రాబడిని మైదాన ప్రాంతపు గుత్తేదారులకు కట్టబెట్టాయి. తన పెరట్లోని చెట్టు రసం తాను తాగాలంటే పరాయివాడికి డబ్బు చెల్లించాలి. డబ్బు చలామణీయే అరుదైన కొండల్లో ఇది మోయలేని భారం.

1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పోలీసులపై దాడులతో తిరుగుబాటు మొదలైంది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, చంద్రయ్య వంటివారు నాయకులు. అది విశాఖ జిల్లా గొలుగొండ కొండలకూ, భద్రాచలం తాలూకా రేకపల్లికీ పాకింది. ఈ రేకపల్లి 1874 వరకు మన రాయ్‌పూర్ లాగే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. మద్రాసుకు బదిలీ అయ్యాక అక్కడ పోడు మీద శిస్తు బాగా పెరిగింది. 1880లో చంద్రయ్య మరణం తర్వాత తిరుగుబాటు సన్నగిల్లింది. కానీ ప్రభుత్వం మన్సబుదారును తొలగించింది, కొండవారి కల్లుపై పన్నును వదులుకుంది. బస్తర్‌లో 1910లో గుండాధుర్ నాయకత్వంలో జరిగిన భూంకాల్ తిరుగుబాటుకు అడవుల రిజర్వు, వెట్టిచాకిరీతో పాటు ఇంటి సారాపై నిషేధాన్ని కూడా ఒక కారణంగా చెబుతారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. నిలవ ఉండని పానీయం పన్నుకు సులభంగా లొంగదు. కొలిచి గోదాములో పెట్టడానికి వీలుండదు కదా! అందుకే మద్రాసు ప్రభుత్వం కల్లును వదిలి చెట్టును లెక్కపెట్టింది. చెట్లకు నంబర్లు వేసి, చెట్టుకింత అని పన్ను కట్టించుకుంది. మరోవైపు నిలవ ఉండే సారాను పెద్ద బట్టీల్లోకి మళ్లించింది. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం ఈ ఏర్పాట్లకు బలమిచ్చింది. బొంబాయిలోనైతే 1892లో ఇప్పపువ్వును సేకరించి దాచడంపైనే చట్టం తెచ్చారు. ఎండిన ఇప్పపువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. అది ఇంట్లో ఉంటే ఇంట్లోనే సారా కాచుకోవచ్చు.

నిలవ ఉండే సారాకు మరో ముఖం కూడా ఉంది. 1980లలో ఆంధ్రప్రదేశ్‌లో 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో మారుమూల పల్లెలకు చేరింది. కూలిడబ్బులు దానికే పోతుంటే నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు 1992లో ఉద్యమించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. రంపవారు తమ చెట్టు తమకు కావాలన్నారు. దూబగుంటవారు పైనుంచి దిగిన సారా తమకు వద్దన్నారు. కోరికలు ఎదురెదురుగా కనిపించినా ప్రశ్న ఒక్కటే: ఊళ్లో ఏది ఉండాలో నిర్ణయించేది ఎవరు?

1996లో వచ్చిన షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చింది. మత్తుపదార్థాల అమ్మకం, వాడకంపై నియంత్రణ అధికారం గ్రామసభకూ, పంచాయతీకీ ఉండాలని అది చెబుతుంది. ఛత్తీస్‌గఢ్ 2022లో దీనికి నియమాలు రూపొందించింది. ఇక పేరుకు రక్షణ విషయానికి వస్తే, గోవా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సల్ఫీ వంటి పానీయాలకు ఆ దారి కష్టం. ఒక రోజు మించి బతకనిదానిని సీసాలో పెట్టి పేరు అంటించడం ఎలా?

హెరెస్‌లో పీపా పైన తేలే ఈస్ట్ పొర, రంపలో కుండలో పొంగే నురుగు, రెండూ ఒకే ప్రకృతి నియమానికి లోబడి ఉన్నాయి. కాలానికి నిలిచినది వర్తకుల చేతికి వెళ్లింది, ఆపై చట్టపు రక్షణ పొందింది. నిలవనిది ఇంట్లోనే ఉండిపోయింది. చట్టం దానిని వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

ఆలోచించండి

1. ఒకే ద్రాక్ష నుంచి మూడు రకాల షెర్రీలు ఎలా ఏర్పడతాయి? ఈ పోలికలో స్థిరంగా ఉంచిన అంశాలు ఏవి, మారిన అంశం ఏది?
2. కల్లుపై కాక చెట్టుపై పన్ను వేయడానికి శాస్త్రపరమైన కారణం ఏమిటి?
3. మీ ప్రాంతంలో త్వరగా పాడయ్యే ఒక ఆహారపదార్థాన్ని ఎంచుకోండి. దాని వ్యాపారం ఎవరి చేతిలో ఉంది? నిలవ చేసే సాధనాలు వచ్చాక ఆ చేతులు మారాయా? పెద్దలను అడిగి రాయండి.