ఫోరెన్సిక్ అకౌంటింగ్ అంటే ఏంటి? సత్యం కేసు నుంచి లాల్‌దర్వాజా షాపు దాకా.. తెలుసుకోవాల్సిన విషయాలివే

కంపెనీ లెక్కల్లో వేల కోట్ల క్యాష్ కనిపిస్తుంది. బ్యాంకులో మాత్రం ఆ డబ్బే ఉండదు. ఇలాంటి మోసాన్ని బయటపెట్టేదే ఫోరెన్సిక్ అకౌంటింగ్. దీని అవసరం ఎంతో దేశానికి తెలిసొచ్చింది మన హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ వల్లే.

అసలు ఏం జరిగింది?

2009 జనవరి 7న సత్యం ఛైర్మన్ బి.రామలింగరాజు బోర్డుకు లేఖ రాశారు. కంపెనీ పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజే షేరు ధర 77 శాతానికి పైగా పడిపోయింది. దాచుకున్న సొమ్ము షేర్లలో పెట్టిన మధ్యతరగతి కుటుంబాలు నష్టపోయాయి. వేలమంది ఉద్యోగులు వచ్చే నెల జీతం వస్తుందో రాదో అని టెన్షన్ పడ్డారు.

ఆడిట్‌కు, దీనికి తేడా ఏంటి?

మామూలు ఆడిట్‌లో ప్రతి ఎంట్రీనీ చూడరు. కొన్నింటిని ఎంచుకుని, లెక్కలు రూల్స్ ప్రకారం ఉన్నాయా లేదా అని పరిశీలిస్తారు. ఫోరెన్సిక్ అకౌంటెంట్ పని వేరు. ఈ కాగితం ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు తయారు చేశారు? డబ్బు ఎవరి ఖాతాకు వెళ్లింది? ఇలా ఆరా తీస్తూ, కోర్టులో నిలబడే సాక్ష్యం సేకరిస్తారు.

సత్యం దర్యాప్తులో ఇదే కీలకమైంది. కంపెనీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే 7,500కు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు సృష్టించినట్లు సీబీఐ తేల్చింది. అవి మిగతా సిబ్బంది కంటపడకుండా దాచారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా ఫోర్జరీ చేశారు. నిల్వ ఎంతుందో నేరుగా బ్యాంకునే అడిగి, వచ్చిన జవాబును పుస్తకాలతో సరిచూసి ఉంటే, గుట్టు చాలా ముందే రట్టయ్యేది.

2015 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు పది మందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. వీరిలో ఇద్దరు మాజీ ఆడిటర్లు కూడా ఉన్నారు. అప్పీలు చేసుకోవడంతో మరుసటి నెలలోనే శిక్ష అమలు ఆగి, బెయిల్ వచ్చింది.

తర్వాత ఏం మారింది?

* 2013 కంపెనీల చట్టం సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీస్‌కు చట్టబద్ధత ఇచ్చింది. మోసం కనిపిస్తే ఆడిటరే రిపోర్ట్ చేయాలని చెప్పింది.
* ఆడిటర్లపై నిఘాకు 2018లో ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ ఏర్పాటైంది.
* లిస్టెడ్ కంపెనీలో ఫోరెన్సిక్ ఆడిట్ మొదలైతే స్టాక్ ఎక్స్ఛేంజ్‌లకు చెప్పాలని 2020లో సెబీ రూల్ తెచ్చింది.

చిన్న షాపుకు దీనితో పనేంటి?

లాల్‌దర్వాజా గల్లీల్లోని కిరాణా కొట్టుకు ఫోరెన్సిక్ నిపుణుడిని పెట్టుకునే స్తోమత ఉండకపోవచ్చు. కానీ ఆ పద్ధతి వాడుకోవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

* గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషి, లెక్క రాసే మనిషి ఒకరే కాకుండా చూసుకోండి.
* బ్యాంకు స్టేట్‌మెంట్‌ను గుమాస్తా తెచ్చిన ప్రింటవుట్‌లో కాకుండా మీ ఫోన్‌లోనే చూడండి.
* యూపీఐ పేమెంట్ వచ్చిందని కస్టమర్ స్క్రీన్‌షాట్ చూపిస్తే నమ్మేయొద్దు. మీ ఖాతాలో పడిందో లేదో చెక్ చేసుకోండి.
* పార్టీల బాకీలను నెలకోసారి వాళ్లకే ఫోన్ చేసి సరిచూసుకోండి.
* ఒకే బిల్లు నంబర్ రెండుసార్లు వచ్చినా, ప్రతిసారీ రౌండ్ ఫిగర్లే కనిపించినా ఆరా తీయండి.

అనుమానం వస్తే ముందు గొడవకు దిగకండి. బిల్లులు, మెసేజ్‌లు, సీసీటీవీ ఫుటేజీ భద్రపరిచి, ఆ తర్వాతే సీఏను లేదా పోలీసులను సంప్రదించండి. సాక్ష్యం పోతే లెక్క ఎంత కరెక్టుగా ఉన్నా కేసు నిలబడటం కష్టం.