లేఖకుని హస్తము - అచ్చు అక్షరము

మనిషి కంఠస్వరమువలెనే అతని వ్రాతయు అతనిని పట్టి యిచ్చును. ముద్రణమున ఈ గుణము నశించునని పలువురి తలంపు. అచ్చు పుటలో అందఱి మాటలును ఒకే రూపున నిలుచును గదా! ఉర్దూ ముద్రణ చరిత్రలో మాత్రము ఇరువదవ శతాబ్ది చివర దీనికి భిన్నమైన సంఘటన యొకటి జరిగినది. ఒక వ్యక్తి చేతివ్రాతయే ఒక భాషకంతకును అచ్చు అక్షరమయ్యెను.

ఉర్దూ పాఠకులు తమదిగా భావించుకొను లిపిశైలి నస్తాలీఖ్. ఇది పదునాలుగు, పదునైదు శతాబ్దుల నడుమ ఇరానులో రూపొందినది. మీర్ అలీ తబ్రీజీ దీనికి ఆద్యుడని లేఖక సంప్రదాయము చెప్పును. మొగలుల కాలమున ఇది భారతదేశమున వేళ్లూనినది. ఇందు పదము కుడివైపున ఎత్తుగా ప్రారంభమై, ఎడమవైపునకు వాలుచు దిగివచ్చును. ప్రక్కనున్న అక్షరమును బట్టి ప్రతి అక్షరమును రూపు మార్చుకొనును. చుక్కలును తమ తావులు మార్చుకొనును. తెలుగున సీసపు అక్షరములను, గుణింతములను, ఒత్తులను పోతపోసి వరుసగా పేర్చినచో పుట సిద్ధమగుచుండెను. నస్తాలీఖునకు అట్టి సమతలమైన వరుసయే లేదు.

దీనిని లోహమున బంధించుటకు ప్రయత్నములు జరుగకపోలేదు. చార్లెస్ విల్కిన్సు సిద్ధపఱచిన నస్తాలీఖ్ అక్షరములతో 1781లో కలకత్తాలో ఒక ఫారసీ లేఖల సంకలనము అచ్చయినది. 1800లో స్థాపితమైన ఫోర్టు విలియం కళాశాలయు ఆ మార్గమునే త్రొక్కినది. హైదరాబాదు సంస్థానమునను ప్రయత్నము జరిగినది గాని వాణిజ్యముగా నిలువలేదు. అరబ్బీకి వాడు నస్ఖ్ శైలి అక్షరములు అచ్చునకు సులభముగా ఒదుగును. కాని ఉర్దూ పాఠకులలో అధికులకు అది పరాయి ముఖముగానే తోచినది.

ఈ చిక్కును కొంతకాలము తీర్చినది రాతి అచ్చు. 1820 ప్రాంతముల భారతదేశమునకు వచ్చిన ఈ పద్ధతిలో కాతిబు, అనగా లేఖకుడు, జిడ్డు సిరాతో వ్రాసిన పుట రాతిపైకి దిగి, అక్కడినుండి కాగితముపై పడును. లక్నోలో 1858లో నెలకొన్న నవల్ కిశోర్ ముద్రణాలయము ఈ విధముననే వేలకొలది గ్రంథములను వెలువరించినది. అచ్చు పుస్తకమైనను పాఠకుడు చదువునది కాతిబు చేతివ్రాతనే. చెన్నపట్టణమున 1927లో ఆరంభమైన 'ది ముసల్మాన్' దినపత్రిక దశాబ్దుల తరబడి చేతివ్రాతతోనే వెలువడినది. కాని దినపత్రికల పుటలు పెరిగి, వార్తల వేగము హెచ్చిన కొలది, కాతిబు కలము ఆ వేగమును అందుకొనుట కష్టమయ్యెను.

అప్పుడు ముందునకు వచ్చినవాడు మీర్జా అహమ్మద్ జమీల్. ఈయన 1921లో ఢిల్లీలో జన్మించెను. బొంబాయిలోని జె.జె. కళాశాలలో చిత్రకళ నభ్యసించి, దేశ విభజన తరువాత కరాచిలో ముద్రణ వ్యాపారము సాగించెను. ఆయన యోచన సూక్ష్మమైనది. ఉర్దూలో అలిఫ్, దాల్, రే, వావ్ వంటి కొన్ని అక్షరములు తమ తరువాతి అక్షరముతో కలియవు. అందువలన పలు పదములు ముక్కలుగా విడివడును. 'హైదరాబాద్' అను పదము వ్రాతలో అయిదు ముక్కలు. అందలి 'బా' అను ముక్కయే 'బాజార్', 'బాగ్' పదములందును వచ్చును. కావున విడి అక్షరములను గాక, కలిసియుండు ముక్కలనే వ్రాసి యుంచినచో భాష యంతయు వానిలో ఇముడును.

ఆ ముక్కలు సుమారు 20,000. వానినన్నింటిని ఆయన చేతితో వ్రాసెను. మొదట వ్రాసినదియు తుదకు వ్రాసినదియు ఒకే పదమున ప్రక్కప్రక్కన కూర్చుండవలెను. వాలు గాని, గీత లావు గాని రవంత తప్పినను అతుకు బయటపడును. ఇంగ్లండులోని మోనోటైప్ సంస్థ వానిని కంప్యూటరు అక్షరకూర్పు యంత్రమునకు ఎక్కించినది. 1981లో లాహోరు 'జంగ్' దినపత్రిక ఈ అక్షరములతో వెలువడినది. తండ్రి నూర్ అహమ్మద్ పేర ఆయన ఆ శైలికి 'నూరీ నస్తాలీఖ్' అని నామకరణము చేసెను. 1994లో ఢిల్లీలో రూపొందిన 'ఇన్‌పేజ్' ద్వారా అది చిన్న ముద్రణాలయములకును చేరినది.

ఈ లాభమునకు మూల్యము లేకపోలేదు. కాతిబుల జీవనాధారము క్షీణించినది. లాహోరు పద్ధతి, ఢిల్లీ పద్ధతి యని వంపును బట్టి గుర్తింపబడిన భేదములును, ఒక్కొక్క కాతిబునకు స్వంతమైన ఒడుపును దినపత్రికల పుటలనుండి తొలగినవి. ఒకని హస్తము నిలుచుటకు అనేక హస్తములు విశ్రమింపవలసి వచ్చినది. అయినను ఆ పని జరుగనిచో, యంత్రమునకు లొంగి లిపియే తన ముఖమును మార్చుకొనవలసి యుండెనేమో!

మీర్జా అహమ్మద్ జమీల్ 2014లో కరాచిలో మరణించెను. విభజన తరువాత కరాచిలో నిలిచిన లేఖకుని వ్రాత సరిహద్దునకు ఇరువైపుల పత్రికలలోను నిలిచినది. చదువువారిలో ఆయన పేరెఱిగినవారు కొలదిమందియే. అయినను వారు దినదినము చూచునది ఆయన చేతివ్రాతనే. అక్షరముల పేర పలుకునది ఆయన తండ్రి పేరునే.