ఆండ్రియా పిర్లో

ఆండ్రియా పిర్లో (జననం: 1979 మే 19) ఇటలీ దేశానికి చెందిన మాజీ ఫుట్‌బాల్ క్రీడాకారుడు, శిక్షకుడు. మధ్యరంగ ఆటగాడిగా (మిడ్‌ఫీల్డర్) రెండు దశాబ్దాలకు పైగా ఆడి, 2006 ప్రపంచ కప్ గెలిచిన ఇటలీ జట్టులో కీలక పాత్ర వహించాడు. వేగం, దేహబలం పెద్దగా లేకపోయినా కచ్చితమైన పాస్‌లతో ఆట మొత్తాన్ని నడిపించిన క్రీడాకారుడిగా ఇతడు ప్రసిద్ధుడు.

తొలి జీవితం

పిర్లో ఉత్తర ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో, బ్రెషియా నగరానికి సమీపంలో ఉన్న ఫ్లేరో అనే చిన్న పట్టణంలో జన్మించాడు. బ్రెషియా క్లబ్బు యువజన జట్టులో శిక్షణ పొంది, 1995 మే నెలలో, 16 ఏళ్ళ వయసులో, ఇటలీ అగ్రశ్రేణి లీగ్ అయిన సీరీ ఎ లో తొలి మ్యాచ్ ఆడాడు. 1996-97లో బ్రెషియా రెండవ శ్రేణి లీగ్ సీరీ బి విజేతగా నిలిచినప్పుడు ఆ జట్టులో సభ్యుడు.

1998లో ఇతడిని ఇంటర్ మిలాన్ క్లబ్బు తీసుకొంది. అప్పట్లో పిర్లో ఫార్వర్డ్ ఆటగాళ్ళకు కొంచెం వెనుక నిలిచి ఆడేవాడు. ఆ స్థానానికి వేగం అవసరం. పైగా 1998-99 సీజన్‌లో ఇంటర్ క్లబ్బు నలుగురు శిక్షకులను మార్చింది. దీనితో పిర్లోకు జట్టులో స్థిరమైన చోటు దొరకలేదు. 1999-2000లో రెజ్జీనా క్లబ్బుకు, 2001 ఆరంభంలో తిరిగి బ్రెషియాకు అరువు పద్ధతిపై వెళ్ళాడు.

స్థానంలో మార్పు

బ్రెషియాలో ఫార్వర్డ్‌ల వెనుక స్థానంలో అప్పటికే సుప్రసిద్ధ ఆటగాడు రాబర్టో బాజియో ఉన్నాడు. అందువల్ల శిక్షకుడు కార్లో మజ్జోనే పిర్లోను బాగా వెనుకకు జరిపి, రక్షణ వరుసకు ముందు నిలబెట్టాడు. అక్కడ ప్రత్యర్థుల ఒత్తిడి తక్కువ. మైదానం అంతా కళ్ళ ఎదుట ఉంటుంది. 2001 ఏప్రిల్ 1న యువెంటస్‌తో జరిగిన మ్యాచ్‌లో పిర్లో దూరం నుండి ఇచ్చిన పొడవైన పాస్‌ను అందుకొని బాజియో చేసిన గోల్ ఈ మార్పునకు మంచి ఉదాహరణ.

ఈ స్థానాన్ని ఇటాలియన్ ఫుట్‌బాల్ పరిభాషలో "రెజిస్టా" అంటారు. సినిమా దర్శకుడిని కూడా ఆ భాషలో ఇదే మాటతో పిలుస్తారు.

ఏసీ మిలాన్

2001లో పిర్లో ఏసీ మిలాన్‌లో చేరాడు. శిక్షకుడు కార్లో ఆంచెలొట్టి 2002-03 నుండి ఇతడిని ఈ వెనుక స్థానంలోనే స్థిరపరచాడు. బంతి కోసం పోరాడే పని గట్టూసో చూసుకొనగా, దానిని ఎటు పంపాలో పిర్లో నిర్ణయించేవాడు. 2003లో యువెంటస్‌ను పెనాల్టీలలో ఓడించి మిలాన్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. 2003-04లో సీరీ ఎ కూడా గెలిచింది.

2005 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఇస్తాంబుల్‌లో జరిగింది. తొలి నిమిషంలోనే పిర్లో ఫ్రీ కిక్‌ను మాల్దీని గోల్‌గా మలిచాడు. మొదటి సగం ముగిసేసరికి మిలాన్ 3-0తో ముందంజలో ఉంది. అయితే రెండవ సగంలో లివర్‌పూల్ ఆరు నిమిషాలలో మూడు గోల్స్ చేసి సమం చేసింది. పెనాల్టీలలో పిర్లో కిక్‌ను గోల్ కీపర్ దూడెక్ అడ్డుకున్నాడు, మిలాన్ ఓడిపోయింది. ఆ ఓటమి తరువాత ఆట మానివేయాలని కూడా అనుకున్నట్లు పిర్లో 2013లో వెలువడిన తన ఆత్మకథలో తెలిపాడు. 2007లో ఏథెన్స్‌లో అదే లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి మిలాన్ మళ్ళీ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఆ మ్యాచ్ తొలి గోల్ పిర్లో ఫ్రీ కిక్ ఇంజాగికి తగిలి వచ్చినదే.

జాతీయ జట్టు

2000లో 21 ఏళ్ళలోపు వారి ఐరోపా ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఇటలీ 2-1తో చెక్ రిపబ్లిక్‌ను ఓడించింది. రెండు గోల్స్ పిర్లోవే. 2002లో ప్రధాన జట్టులోకి వచ్చాడు. 2004 ఒలింపిక్స్‌లో కాంస్య పతకం పొందాడు.

2006 ప్రపంచ కప్‌లో ఇటలీ మొదటి గోల్‌ను ఘనాపై ఇతడే చేశాడు. జర్మనీతో సెమీ ఫైనల్ 119వ నిమిషంలో, ఎదురుగా ఉన్న ఆటగాళ్ళ మధ్య నుండి చూడకుండానే ఇచ్చిన పాస్‌తో గ్రోసో గోల్ చేశాడు. ఫ్రాన్స్‌తో ఫైనల్‌లో మాటెరాజ్జి గోల్ పిర్లో కార్నర్ కిక్ నుండి వచ్చింది. మ్యాచ్ పెనాల్టీల వరకు వెళ్ళగా ఇటలీ తరఫున మొదటి కిక్ పిర్లో తీసుకొని గోల్ చేశాడు. ఇస్తాంబుల్‌లో విఫలమైన 14 నెలల లోపే ఇది జరిగింది. ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

2012 యూరో కప్ క్వార్టర్ ఫైనల్‌లో, ఇంగ్లండ్‌తో పెనాల్టీలలో ఇటలీ వెనుకబడి ఉన్నప్పుడు, పిర్లో బంతిని మెల్లగా పైకి లేపి గోల్ మధ్యలోకి పంపాడు. 1976లో చెకోస్లొవేకియా ఆటగాడు పానెంకా వల్ల ప్రసిద్ధమైన పద్ధతి ఇది. ఆ తరువాత ఇంగ్లండ్ రెండు కిక్‌లు వరుసగా విఫలమై ఇటలీ గెలిచింది. ఫైనల్‌లో మాత్రం స్పెయిన్ చేతిలో 4-0తో ఓడింది. మొత్తం మీద పిర్లో ఇటలీ తరఫున 116 మ్యాచ్‌లు ఆడి 13 గోల్స్ చేశాడు.

యువెంటస్, న్యూయార్క్

2010-11లో గాయాల వల్ల ఎక్కువ మ్యాచ్‌లు ఆడలేకపోయిన పిర్లోను మిలాన్ వదులుకొంది. 32 ఏళ్ళ వయసులో, బదిలీ రుసుము లేకుండా, యువెంటస్‌లో చేరాడు. ఆంటోనియో కాంటే శిక్షణలో యువెంటస్ 2011-12 లీగ్‌ను 38 మ్యాచ్‌లలో ఒక్క ఓటమి కూడా లేకుండా గెలిచింది. పిర్లో ఉన్న నాలుగు సీజన్లలోనూ సీరీ ఎ టైటిల్ ఆ క్లబ్బుదే. 2015 నుండి 2017 వరకు అమెరికాలో న్యూయార్క్ సిటీ క్లబ్బుకు ఆడి విరమించాడు.

ఆటతీరు

పిర్లో ఎక్కువగా పరుగెత్తేవాడు కాదు. బంతి తన వద్దకు రాకముందే తరువాతి పాస్ ఎవరికి ఇవ్వాలో నిర్ణయించుకొనేవాడు. ఫ్రీ కిక్‌లలో నిపుణుడు. బ్రెజిల్ ఆటగాడు జునిన్హో పెర్నాంబుకానో కిక్‌లను పరిశీలించి ఆ విద్యను సాధన చేశాడు. ఇటలీలో ఇతడిని "ఆర్కితెత్తో" (వాస్తుశిల్పి) అని కూడా పిలిచేవారు.

శిక్షకుడిగా

2020 ఆగస్టులో, అంతకు ముందు ఏ జట్టుకూ శిక్షణ ఇచ్చిన అనుభవం లేకుండానే, పిర్లో యువెంటస్ శిక్షకుడయ్యాడు. 2020-21లో ఇటాలియన్ సూపర్ కప్, ఇటాలియన్ కప్ గెలిచినా, లీగ్‌లో జట్టు నాలుగవ స్థానంలో నిలిచింది. యువెంటస్ వరుసగా తొమ్మిది సార్లు గెలుచుకున్న టైటిల్ ఆ ఏడు కాంటే శిక్షణలోని ఇంటర్ మిలాన్‌కు దక్కింది. సీజన్ ముగియగానే పిర్లోను తొలగించారు. తరువాత టర్కీలో ఫాతిహ్ కారాగుమ్రుక్ (2022-23), ఇటలీలో సాంప్డోరియా (2023-24) జట్లకు శిక్షకుడిగా పనిచేశాడు.

ప్రధాన విజయాలు

* ప్రపంచ కప్: 2006
* ఛాంపియన్స్ లీగ్: 2003, 2007
* క్లబ్ ప్రపంచ కప్: 2007
* సీరీ ఎ (మిలాన్): 2003-04, 2010-11
* సీరీ ఎ (యువెంటస్): 2011-12, 2012-13, 2013-14, 2014-15
* ఇటాలియన్ కప్: 2003 (మిలాన్), 2015 (యువెంటస్)