ఇంటి తరిమెన: వృత్తిరహస్యం గ్రంథస్థమైన తీరు

కర్రనో లోహాన్నో గిరగిర తిప్పుతూ ఉలితో చెక్కి గుండ్రని ఆకృతి తెచ్చే సాధనానికి తెలుగులో తరిమెన అని పేరు. బ్రౌన్ తన నిఘంటువులో ఈ మాటను నమోదు చేశాడు. నేటి లోహపు పనిలో మాత్రం ‘లేత్’ అన్న మాటే స్థిరపడింది. ఈ సాధనం కార్ఖానా నుంచి ఇంటికి, జీవనోపాధి నుంచి వ్యాపకానికి మారిన చరిత్ర యూరప్, అమెరికాలలో సుదీర్ఘమైనది. ఆ చరిత్రను యంత్రాల పరిణామంగా చెప్పడం పరిపాటి. దానిని వృత్తివిద్య గ్రంథస్థమైన చరిత్రగా కూడా చదవవచ్చునని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యునికి చేతిమీదుగా అందే విద్యకు గ్రంథం అవసరం తక్కువ. ఆ పరంపరలో పుట్టకుండా, ఏళ్ల తరబడి శిష్యరికం చేసే వీలు లేకుండా పని నేర్వదలచినవానికి గ్రంథమే గురువు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో అమెరికాలో వెలువడిన తుపాకీ పని గ్రంథాలు ఇందుకు మంచి నిదర్శనం.

ప్రభువుల వ్యాపకం

తరిమెన పనికే ప్రత్యేకించిన తొలి గ్రంథంగా షార్ల్ ప్లూమియే రచన పేర్కొనదగినది. అది 1701లో ఫ్రాన్సులోని లియోన్‌లో వెలువడింది. ప్లూమియే వృత్తిరీత్యా టర్నరు కాడు. క్రైస్తవ సన్యాసి, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆనాడు తరిమెన పట్టడం యూరప్ ప్రభువర్గాలకు గౌరవప్రదమైన వినోదం. రష్యా చక్రవర్తి పీటర్ స్వయంగా తరిమెన పట్టేవాడు. ఆయన వద్ద పనిచేసిన ఆంద్రేయ్ నార్తొవ్ అందుకోసం క్లిష్టమైన యంత్రాలు నిర్మించాడు. 18వ శతాబ్ది చివరలో లండన్‌లో స్థిరపడిన హోల్ట్‌జాఫెల్ కుటుంబం అలంకార తరిమెనలు తయారుచేసి సంపన్నులకు అమ్మింది. ఆ కుటుంబానికి చెందిన చార్లెస్ హోల్ట్‌జాఫెల్ 1843లో తరిమెన పనిపై బృహద్గ్రంథం ప్రారంభించాడు. ఆయన మరణానంతరం కుమారుడు దానిని కొనసాగించాడు.

ఇదే కాలంలో సాధనంలో ఒక మౌలికమైన మార్పు వచ్చింది. అంతకుముందు పనివాడు ఉలిని చేతితో పట్టుకొని ఆనుపుపై ఆనించేవాడు. 1800 ప్రాంతంలో హెన్రీ మాడ్‌స్లే నిర్మించిన లేత్‌లో ఉలి ఒక జారుడు పీఠంపై బిగిసి ఉంటుంది; మరను తిప్పితే అది ముందుకు కదులుతుంది. ఈ మార్పు ఉత్పత్తికి ఎంత మేలు చేసిందో చరిత్రకారులు వివరించారు. రచనకు చేసిన మేలు కూడా తక్కువది కాదు. మణికట్టు నేర్పును మాటలలో పెట్టడం దుస్సాధ్యం. మరను ఎంత తిప్పాలో, ఉలి ఎంత లోతు దిగాలో అంకెలలో చెప్పవచ్చు. నైపుణ్యంలో కొంత భాగం చేతి నుంచి యంత్రానికి మారినప్పుడే ఆ భాగం కాగితంపైకి ఎక్కగలిగింది.

మధ్యతరగతి ఇంటికి

1898లో లండన్‌లో పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ పత్రికను స్థాపించాడు. ఇంట్లో చిన్న లేత్ పెట్టుకొని నమూనా ఆవిరియంత్రాలు చేసుకునేవారు దాని పాఠకులు. అమెరికాలో ఓబ్రయన్ సోదరులు 1906లో సౌత్ బెండ్ లేత్ సంస్థను నెలకొల్పారు. మరుసటి ఏడే లేత్ నడిపే పద్ధతిని వివరించే చిన్న పుస్తకం అచ్చువేశారు. యంత్రం అమ్ముడుపోవాలంటే దానిని నడపగల చేతులు కావాలి. ఆ చేతులను తయారుచేసే బాధ్యతను పుస్తకం స్వీకరించింది. అది తరవాత అనేక ముద్రణలు పొందింది.

తుపాకీ పని గ్రంథాలు

అమెరికా ప్రభుత్వం పౌరులకు గురిశిక్షణ ఇచ్చేందుకు 1916లో ప్రత్యేక కార్యాలయం ఏర్పరచింది. మొదటి ప్రపంచయుద్ధం తరవాత దాని ద్వారా సైనిక రైఫిళ్లు చౌకగా పౌరుల చేతికి వచ్చాయి. యుద్ధానికి చేసిన ఆయుధాన్ని వేటకు, గురిపందేలకు అనువుగా మలచుకోవాలన్న కోరిక ఇంటి కార్ఖానాలను పెంచింది. ఇక్కడ లేత్ ప్రాముఖ్యం స్పష్టమే. గొట్టం లోపలి రంధ్రానికి ఉన్న అక్షమే తక్కిన భాగాలన్నింటికీ ప్రమాణం. ఆ అక్షం ఏమాత్రం తప్పినా గురి చెడుతుంది. ఆ తప్పును అంగుళంలో వెయ్యో వంతు లెక్కన కొలుస్తారు. మన టర్నర్లు ‘థౌ’ అనే కొలత అదే.

సైనికాధికారి టౌన్సెండ్ వీలెన్ 1924లో వ్యాపకుల కోసమే తుపాకీ పనిపై పుస్తకం ప్రచురించాడు. 1928లో క్లైడ్ బేకర్ గ్రంథం, 1934లో జేమ్స్ వర్జిల్ హౌ రెండు సంపుటాల రచన వచ్చాయి. హౌ వృత్తిపరంగానే ఈ పని చేసినవాడు. 1923లో న్యూయార్క్‌లో సీమర్ గ్రిఫిన్‌తో కలిసి తుపాకీ సంస్థను స్థాపించినవాడు. ఉక్కుకు నీలివన్నె తెచ్చే ద్రావణాల పాళ్ల వంటి పనితనపు గుట్టులను ఆయన అచ్చులో పెట్టాడు. వృత్తికారుడు తన విద్యను వెల్లడించడానికి వ్యాపకుల పాఠకలోకం కారణమైందనడానికి ఇంతకంటే మంచి దృష్టాంతం లేదు.

చట్టం, పరంపర

ఈ సాహిత్యం పుట్టడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా కారణమే. అమెరికాలో 1938 నాటి సమాఖ్య చట్టం తుపాకుల తయారీ వ్యాపారానికి లైసెన్సు విధించినా, సొంతానికి చేసుకునేవారిని ఆ నిబంధన కిందికి తేలేదు. భారతదేశంలో 1878 నాటి ఆయుధ చట్టం లైసెన్సు లేని తయారీని నిషేధించింది. 1959 చట్టం తయారీతోపాటు మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇంటి లేత్‌పై తుపాకీ పని ఇక్కడ వ్యాపకంగా ఎదిగే అవకాశమే లేదు. అయితే ఈ నిషేధం తుపాకీకి సంబంధించినదే గాని తరిమెనకు సంబంధించినది కాదు. అందుచేత తరిమెన విద్యకు తెలుగులో గ్రంథపరంపర ఏర్పడకపోవడానికి వేరే కారణం వెదకాలి.

వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిమెన పట్టి లక్కబొమ్మలు చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీని అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ విద్య ప్రధానంగా కుటుంబ పరంపరలోనే అందుతూ వచ్చింది. కొత్తగా నేర్వగోరే బయటి పాఠకుడు లేనప్పుడు గ్రంథకర్త కూడా పుట్టడు. వృత్తిదారుల మాటను శాస్త్రీయంగా సేకరించే మార్గాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశంతో చూపారు. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. పదాన్ని సేకరించడం మొదటి మెట్టు. పని జరిగే క్రమాన్ని రాయడం రెండవది.

ముగింపు

గ్రంథం చేతికి ప్రత్యామ్నాయం కాదు. ఉలి మొద్దుబారినప్పుడు మారే ధ్వనిని హౌ సంపుటాలు కూడా వినిపించలేవు. అయినా ఆ ధ్వనిని విని గుర్తుపట్టగల చివరి చేయి ఆగిపోయిననాడు మిగిలేది రాసిపెట్టినంత మేరకే. ప్లూమియే నుంచి హౌ వరకు సాగిన చరిత్ర తెలుగు పరిశోధకులకు చేసే సూచన ఇదే: వృత్తివిద్యకు దాని పరంపర వెలుపల పాఠకులను కల్పించాలి. ఆ పాఠకుల కోసం రాసేటప్పుడు తరిమెన వంటి మాటలు నిఘంటువులో మిగిలిపోక తిరిగి వాడుకలోకి వస్తాయి.